శనివారం మాత్రమే వచ్చే అధికారం

మా బడిలో చదివిన పిల్లల్లో మూడొంతుల మంది జులై ఒకటో తారీకునే పుట్టారు. అందులో దేవుడి మహిమ ఏమీ లేదు. ఆ తారీకులు వేసింది నేనే.

డెబ్బైల మధ్యలో మా ఆయనకు పోర్టు ఆఫీసులో గుమస్తా ఉద్యోగం వచ్చి మేం కృష్ణా జిల్లా నుంచి విశాఖపట్నం చేరాం. మరుసటి ఏడు నాకు మల్కాపురం వైపు ఒక మునిసిపల్ ప్రాథమిక పాఠశాలలో టీచరు ఉద్యోగం దొరికింది. రెండు గదులు, ఒక వరండా. రేవులో ఓడలకెక్కించే ఇనప ఖనిజం దుమ్ము పడీ పడీ గోడలే కాదు, పిల్లల పలకలు కూడా ఎర్రబడి ఉండేవి.

జూన్ వచ్చిందంటే తల్లులు పిల్లల్ని లాక్కొచ్చేవారు. రేవులో తట్టలు మోసేవాళ్ళు, చేపలు ఎండబెట్టేవాళ్ళు, ఉక్కు ఫ్యాక్టరీకి భూములు పోయి ఊరు వదిలిన వాళ్ళు. పుట్టిన తేదీ అడిగితే నా మొహం వింతగా చూసేవారు. అయిదేళ్ళు నిండనిదే ఒకటో తరగతిలో చేర్చుకోకూడదని రూలు. నిండాయో లేదో తేల్చడానికి మా శాఖ దగ్గర ఒక గొప్ప శాస్త్రం ఉండేది. పిల్లాడు కుడిచెయ్యి తలమీదుగా వేసి ఎడమచెవి పట్టుకోవాలి. అందితే అయిదేళ్ళు, అందకపోతే మళ్ళీ ఏడు రా. అందిన ప్రతివాడికీ అయిదేళ్ళ కిందటి జులై ఒకటి రాసేసేదాన్ని. హెడ్మాస్టరు కింద సంతకం పెట్టేవారు. ఆ క్షణం నుంచి అది సర్కారు వారి సత్యం.

అలా ఒక జూన్‌లో ఖనిజం యార్డులో పనిచేసే ఒకావిడ కొడుకుని తీసుకొచ్చింది. మనిషి సన్నగా, ఎండిన పుల్లలా ఉంది. పిల్లాడు ఆమె చీర కుచ్చెళ్ళు వదలడం లేదు.

"ఆడికి నాలుగేళ్ళు నిండినాయమ్మా. నాను పనిలోకెల్తే సూసుకోడానికి ఎవులూ నేరు. బళ్ళో ఏసుకోండి మేస్టరమ్మగారూ, మద్దేన్నం ఉప్మా అయినా తింటాడు," అంది.

నాలుగేళ్ళని ఆమె నిజమే చెప్పింది. కానీ కుర్రాడి చేతులు పొడుగు. చెవి అందడమే కాదు, చెవి దాటి చెంప మీదికి వచ్చింది. నేను నవ్వి, ఒక ఏడాది కలిపి, జులై ఒకటి వేశాను. ఉపకారం చేశాననే అనుకున్నాను. ఆ సాయంత్రం మా ఆయనతో చెప్పుకుని మురిసిపోయాను కూడా.

వాడు అయిదో తరగతి దాకా చదివాడు. లెక్కల్లో చురుకు, తెలుగు రాతలో అధ్వాన్నం. వాళ్ళ నాన్న అప్పటికే చనిపోయాడు. అయిదు పూర్తవగానే బడి మానేసి, గాజువాక రోడ్డు మీద ఒక పాత ఇనప సామాన్ల కొట్లో చేరాడు. రోడ్డు మీద ఎదురైతే సైకిలు దిగి "నమస్తే మేడమ్" అనేవాడు. ఒళ్ళంతా గ్రీజు, పళ్ళు మాత్రం తెల్లగా. అంతకుమించి నాకు వాడి సంగతి పట్టలేదు. పట్టాల్సిన అవసరం ఉందనీ అనుకోలేదు.

ఎనభైల చివర, పిల్లల నేరాలకి కొత్త చట్టం వచ్చిన మరుసటి ఏడు, ఒక పొద్దున వాళ్ళమ్మ మా ఇంటికి వచ్చి గుమ్మం బయటే కూర్చుంది. లోపలికి రమ్మంటే రాలేదు.

"మా గుంటడ్ని జైల్లో ఏసినారమ్మా," అంది.

జరిగింది ఇది. కొట్లో పనిచేసే ముగ్గురు పెద్దవాళ్ళు ఎక్కడో యార్డులోంచి రాగి కేబులు కోసుకొచ్చారని పోలీసులు పట్టుకున్నారు. కేబులు ఉన్న రిక్షాని వెనకనుంచి తోసింది వీడు. నలుగురినీ ఒకే కేసులో పెట్టారు. వీడి వయసు పంధొమ్మిది అని రాశారు. మీసం కూడా సరిగా రాని పిల్లాడికి పంధొమ్మిదేమిటి అంటే, అలా రాస్తే పోలీసులకి పని తేలిక. బాలుడని రాస్తే వేరే కోర్టు, వేరే కాగితాలు, ప్రొబేషన్ ఆఫీసరు, ఇంట్లోవాళ్ళకి కబురు. ఇంత బాధ ఎవరు పడతారు?

"ప్లీడరు బాబు సెప్పినాడు, బళ్ళో బుక్కు ఉంటాది, అందులో వొయిసు ఉంటాది, అది తెత్తే ఒగ్గేత్తారంట," అంది.

ఆ ప్లీడరు బాబుకి ఇరవై అయిదేళ్ళు ఉంటాయేమో. ఊరికే కేసు వాదించడానికి ఒప్పుకున్న కుర్రాడు. కొత్త చట్టం పుస్తకం చంకలో పెట్టుకుని తిరిగేవాడు. కోర్టు ఆవరణలో టీ బడ్డీ దగ్గర నాకు మొత్తం అప్పచెప్పాడు. పదహారు నిండని మగపిల్లాణ్ణి, పద్ధెనిమిది నిండని ఆడపిల్లని మామూలు కోర్టు విచారించకూడదు. పెద్దవాళ్ళతో కలిపి ఒకే కేసులో పెట్టకూడదు. ఉరి గానీ జైలు గానీ వెయ్యకూడదు. మందలించి వదలొచ్చు, తల్లిదండ్రుల పూచీ మీద ఇంటికి పంపొచ్చు, మరీ కాదంటే పిల్లల హోమ్‌లో ఉంచొచ్చు. అంతే.

"మరి జైల్లో ఎందుకున్నాడు?" అన్నాను.

"పంధొమ్మిది అని కాగితం మీద ఉంది కదండీ."

"మొహం చూస్తే తెలియదా?"

"మొహం చూసే అధికారం ఏ కోర్టుకుందో ముందు అది తేలాలి మేడమ్," అన్నాడు. వేళాకోళం అనుకున్నాను. కాదని శనివారం తెలిసింది.

అప్పట్లో మా ఊళ్ళో పిల్లల కోర్టుకి వేరే భవనం లేదు. మామూలు కోర్టు హాల్లోనే శనివారం మధ్యాహ్నం నడిచేది. మెజిస్ట్రేటు కూడా ఆయనే. సోమవారం నుంచి శుక్రవారం దాకా నల్లకోటుతో ఎత్తు బల్ల మీద కూర్చునే మనిషి, శనివారం కోటు విప్పి, బల్ల దిగి, కింద మామూలు కుర్చీలో కూర్చునేవారు. అటొక ఆవిడ, ఇటొక పెద్దాయన, సమాజ సేవకులు. బల్ల మీద ఒక పూల గ్లాసు. పిల్లలు భయపడకుండా అన్నమాట.

ప్లీడరు లేచి సంగతి చెప్పాడు. మెజిస్ట్రేటు చాలా మర్యాదగా విన్నారు.

"కుర్రాణ్ణి ఈ కోర్టు ముందు హాజరు పరచలేదు. కేసు ఫైలు ఈ కోర్టుది కాదు. నాకు పరిధి లేదు. మామూలు కోర్టులో అడగండి," అన్నారు.

సోమవారం మామూలు కోర్టుకి వెళ్ళాం. అదే హాలు, అదే మనిషి. కోటు ఉంది, పూల గ్లాసు లేదు.

"ఇతను బాలుడా కాదా అన్నది జువెనైల్ కోర్టు తేల్చాల్సిన విషయం. ఈ కోర్టుకి ఆ అధికారం లేదు," అన్నారు.

"సార్, శనివారం తమరే..." అని ప్లీడరు నసిగాడు.

"శనివారం కూర్చున్నది వేరే కోర్టు," అన్నారాయన. ఆ మాట అంటున్నప్పుడు ఆయన మొహంలో నవ్వుగానీ సిగ్గుగానీ ఏమైనా కనబడుతుందేమోనని చూశాను. ఏమీ లేదు. నిజంగానే నమ్ముతున్నారు.

చివరికి ప్లీడరు పుస్తకం తీసి, బాలుడని అనిపిస్తే ఆ అభిప్రాయం రాసి పిల్లల కోర్టుకి పంపే బాధ్యత ఈ కోర్టుదేనని చదివి వినిపించాడు. అయితే అనిపించడానికి ఆధారం కావాలి, స్కూలు రిజిస్టరు తీసుకురండి అన్నారు.

రిజిస్టరు సంగతి మా హెడ్మాస్టరుకి చెప్పాను. ఆయన బీరువా తీసి, దుమ్ము దులిపి, పేజీ తిప్పి, వేళ్ళమీద లెక్కపెట్టారు. దొంగతనం జరిగిన రోజుకి వాడికి పదహారేళ్ళ మీద రెండు నెలలు చిల్లర. నా జులై ఒకటి ప్రకారం. నేను కలిపిన ఏడాది తీసేస్తే పదిహేను.

"ఇది తప్పు తేదీ సార్, నేనే వేశాను," అన్నాను.

హెడ్మాస్టరు తలుపు దగ్గరగా వేశారు. "అమ్మా, ఒక్కమాట. ఒక్క తేదీ తప్పంటే, మిగిలినవి రైటా అని అడుగుతారు. అన్నీ తప్పే. కింద సంతకం నాది. నీకు ఇంకా సర్వీసుంది, నాకు రెండేళ్ళుంది. రిజిస్టరులో ఏముందో అది చదువు, వచ్చెయ్. అబద్ధం చెప్పమనడం లేదు కదా," అన్నారు.

మా ఆయన కూడా అదే అన్నారు. "ఊరివాళ్ళ గొడవ నీకెందుకే? ఉన్నది చదివి వచ్చెయ్."

నేను బోనెక్కాను. కటకటాల వెనక నలుగురు నిలబడి ఉన్నారు. మొదటి ముగ్గురి భుజాలకి కూడా అందడం లేదు మావాడు. గుండు గీశారు. నన్ను చూడగానే అలవాటుగా చెయ్యెత్తి నమస్కారం పెట్టబోయాడు. పక్కనున్న పోలీసు చెయ్యి కిందికి లాగాడు.

"రిజిస్టరు ప్రకారం పుట్టిన తేదీ ఎంత?" అన్నాడు సర్కారు ప్లీడరు.

చదివాను.

"ఈ రాత ఎవరిది?"

"నాది."

"సరిగానే రాశారా?"

"రూలు ప్రకారం రాశానండీ," అన్నాను.

రూలు ప్రకారం! ఇన్నేళ్ళయినా ఆ రెండు మాటలు తలుచుకుంటే నామీద నాకే అసహ్యం వేస్తుంది. పిల్లలు ఎక్కం తప్పు చెప్తే వేళ్ళమీద కొట్టేదాన్ని, సత్యమునే పలుకవలెను అని నల్లబల్ల మీద రోజూ రాసేదాన్ని. దొరవారి ముందు నిలబడగానే నా వెన్నెముక జావ అయిపోయింది. కోర్టునీ పోలీసునీ ఎన్నయినా అనొచ్చు. ఆ గదిలో అందరికంటే నీచంగా ప్రవర్తించింది ఎర్ర అంచు చీర కట్టుకున్న పంతులమ్మ.

పదహారు దాటాడు, ఈ కోర్టుకి పరిధి ఉంది అని రాసుకున్నారు. వాడు మళ్ళీ జైలుకి వెళ్ళాడు.

వారం తర్వాత వాళ్ళమ్మ వచ్చింది. తిడుతుందని ఎదురుచూశాను. తిట్టి ఉంటే బాగుండేది.

"మా గుంటడు పెద్దోడైపోనాడంట కదమ్మా, మీ బుక్కులో," అంది. అంతే. ఆ తర్వాత, "ఆడు పుట్టిన మూడోనాడు ఆల నాన్న సెయ్యి యంత్రంలో పడి నలిగిపోనాది. నాను బాలింతరాల్ని, పచ్చొళ్ళుతో ఆస్పత్రికెల్లినాను. ఆ సీటీ ఉంది, పనికొస్తాదేటి?" అని కొంగుముడి విప్పి, నాలుగు మడతల కాగితం తీసింది. మడతల దగ్గర చిరిగిపోయింది గానీ తేదీ కనబడుతోంది. లెక్క చూశాను. నా రిజిస్టరు కంటే దాదాపు ఏడాది తర్వాత.

ఆ చీటీ పట్టుకుని నేనే ప్లీడరు దగ్గరికి వెళ్ళాను. నన్ను మళ్ళీ బోనెక్కించమని అడిగాను. ఆయన అర్జీ పెట్టాడు. దానికి రెండు వాయిదాలు పోయాయి. ఈలోగా ఎముకల పరీక్షకి పెద్దాసుపత్రికి పంపారు. మణికట్టుకీ మోచేతికీ ఫోటోలు తీసి, "పదిహేనుకీ పదిహేడుకీ మధ్య" అని డాక్టరు రాసిచ్చాడు. పదహారు దగ్గర గీత గీసిన చట్టానికి ఇంతకంటే పనికిరాని జవాబు ఇంకొకటి ఉండదు. మా వీధి చిలక జోస్యుడైనా ఏదో ఒక కార్డు తీసేవాడు.

రెండోసారి బోనెక్కినప్పుడు చీటీ చూపించారు. సర్కారు ప్లీడరు దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని, "దీన్నిబట్టి తండ్రి చెయ్యి విరిగిందని తెలుస్తోంది గానీ, కొడుకు పుట్టాడని ఎలా తెలుస్తుంది?" అన్నాడు. హాల్లో ఇద్దరు ముగ్గురు నవ్వారు. వెనక బల్ల మీద కూర్చున్న తల్లికి ఎందుకు నవ్వుతున్నారో అర్థం కాలేదు. అందరితోపాటు తనూ కొంచెం నవ్వింది.

అప్పుడు నేను చెప్పాను. చెవి సంగతి చెప్పాను. చేతులు పొడుగని ఏడాది కలిపానని చెప్పాను. తల్లి ఆ రోజే నాలుగని చెప్పిందనీ, నేనే వినలేదనీ చెప్పాను.

"అంటే మీ రిజిస్టరులో తేదీలన్నీ కల్పితాలేనా?" అన్నాడు సర్కారు ప్లీడరు.

"చాలా మటుకు అంతేనండీ. మన జిల్లాలో చాలా బళ్ళలో అంతే. ఈ బెంచి గుమస్తానే అడగండి, ఆయన పుట్టినరోజు ఎప్పుడో."

ఆయన అడగలేదు. బెంచి గుమస్తా మాత్రం తల దించుకున్నాడు.

మెజిస్ట్రేటు కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, చాలాసేపు రాశారు. బాలుడే అనిపిస్తోందని, పిల్లల కోర్టుకి పంపమని రాశారు. అంటే తనకి తానే పంపుకున్నారు. ఫైలు ఈ బీరువాలోంచి ఆ బీరువాలోకి మారడానికి ఇంకో మూడు వారాలు పట్టింది. రెండు బీరువాలూ ఒకే గోడకి ఆనించి ఉండేవి, నేను కళ్ళారా చూశాను.

చివరికి ఒక శనివారం వాణ్ణి హాజరు పరిచారు. పట్టుకున్న రోజు నుంచి లెక్కేస్తే నాలుగు నెలలు దాటింది. ఈ నాలుగు నెలలూ, జైలు మొహమే చూడకూడదని చట్టం చెప్పిన పిల్లాడు, జైల్లో పూటపూటా తలల లెక్కకి వరసలో కూర్చున్నాడు, పెద్దవాళ్ళ బట్టలు ఉతికాడు. నలుగురిలో మొదటి ముగ్గురికీ రెండు నెలలకే జామీను దొరికి బయట తిరుగుతున్నారు. వీడికి పూచీ ఇచ్చేవాళ్ళు లేరు.

పూల గ్లాసులో ఆ రోజు బంతిపూలు ఉన్నాయి. మెజిస్ట్రేటు ముందుకి వంగి, మేనమామలా మెత్తగా అడిగారు.

"భయపడకు బాబూ. జరిగింది చెప్పెయ్. నువ్వు రిక్షా తోశావా?"

"తోసినానండి."

"అందులో ఉన్నది దొంగసొత్తని నీకు తెలుసా?"

వాడు వాళ్ళమ్మ వైపు చూశాడు. సమాజ సేవకురాలు, "నిజం చెప్తే ఇంటికెళ్ళిపోవచ్చు నాన్నా," అంది.

ఇంటికి అన్న మాట వినగానే వాడు తలూపాడు. "తెలుసండి," అన్నాడు.

అయిదు నిమిషాలు కూడా పట్టలేదు. నేరం చేసినట్టు తేలింది, మందలించి, తల్లికి అప్పగించడమైనది. సమాజ సేవకురాలు ఒక బిస్కట్ల పొట్లం చేతిలో పెట్టి, మంచి పిల్లలతో తిరగమంది. ఏ మంచి పిల్లలు? వాళ్ళ పేటలో వాడి ఈడువాళ్ళందరూ పనుల్లోనే ఉన్నారు. ప్లీడరు కుర్రాడు నా పక్కన సంతోషంతో ఊగిపోతున్నాడు, గెలిచాం మేడమ్ అంటున్నాడు. పాపం, గెలిచామనే నేనూ అనుకున్నాను.

తల్లీ కొడుకూ నేనూ బస్సెక్కాం. సింధియా స్టాపు దాటాక టికెట్లు తనిఖీ చేసే ఇన్‌స్పెక్టరు ఎక్కాడు. ఖాకీ బట్టలు, చేతిలో కాగితం, తలలు లెక్కపెట్టుకుంటూ వస్తున్నాడు. మావాడు సీటులోంచి జారి, రెండు సీట్ల మధ్య నేలమీద గొంతుక్కూర్చుని, చేతులు మోకాళ్ళ మీద పెట్టి తల దించాడు. వాడి మొహంలో భయం కూడా లేదు, అదే పద్ధతి అన్నట్టు. ఇన్‌స్పెక్టరు కంగుతిన్నాడు.

"ఏటైందిరా? నెగు," అంది తల్లి రెక్క పట్టుకుని. "బస్సురా ఇది."

వాడు లేచాడు. బిస్కట్ల పొట్లం కాళ్ళకింద పడి నలిగిపోయింది. బస్సు దిగేదాకా వాడు మళ్ళీ కూర్చోలేదు.

నాకు ఆఫీసు నుంచి మెమో వచ్చింది, రిజిస్టరు నిర్వహణలో అజాగ్రత్తకి సంజాయిషీ చెప్పమని. చెప్పాను. హెడ్మాస్టరు రిటైరయ్యేదాకా నాతో మాట్లాడలేదు. మరుసటి జూన్‌కి చెవి పరీక్ష మాత్రం మానలేదు మా శాఖ. సర్క్యులర్ రాలేదట.

ఏడాది తర్వాత, మిగిలిన ముగ్గురి కేసు మామూలు కోర్టులో విచారణకి వచ్చింది. ప్లీడరు కుర్రాడు బడికొచ్చి చెప్పాడు. కేబులు తమదేనని యార్డువాళ్ళు గుర్తుపట్టలేకపోయారు. పంచనామా సాక్షులు ఏమీ చూడలేదన్నారు. దొంగతనమే రుజువు కాలేదు. ముగ్గుర్నీ నిర్దోషులని వదిలేశారు. కేసు కొట్టేసింది ఆ మెజిస్ట్రేటుగారే, కోటు వేసుకుని.

ఈసారి ప్లీడరు కుర్రాడిలో ఆ ఊపు లేదు. "మనవాడు పిల్లల కోర్టులో ఒప్పుకున్నాడు కదండీ, అందుకని..." అని ఆగిపోయాడు.

"దాన్ని తీసేయించలేమా?"

"అప్పీలు గడువు దాటిపోయింది. అయినా ఆ చట్టం కింద నేరం తేలినా, దానివల్ల ఏ అనర్హతా ఉండదని రాసుంది మేడమ్. ఉద్యోగానికి అడ్డు రాదు," అన్నాడు. పుస్తకం చంకలోనే ఉంది, కానీ ఈసారి తెరిచి చూపించలేదు.

ఆ సాయంత్రం నేనే వాళ్ళ పేటకి నడిచి వెళ్ళాను. ఆవిడ అప్పుడే యార్డు నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటోంది, నీళ్ళు ఎర్రగా పారుతున్నాయి. నాకు వచ్చినట్టు చెప్పాను. ఆవిడ రెండుసార్లు మళ్ళీ అడిగి, అర్థమయ్యాక చెంబు కింద పెట్టింది.

"అయితే మేస్టరమ్మగారూ, ఆ ముగ్గురూ దొంగలు కారు."

"కారట."

"మావోడొక్కడే దొంగేటి?"

లోపల వాడు చాప మీద పడుకుని ఉన్నాడు. వెల్డింగు షాపులో చేరి నెల అవుతోంది, కళ్ళు మండుతున్నాయని తడిగుడ్డ వేసుకున్నాడు. గుడ్డ తియ్యకుండానే, "పోన్లేమ్మా, ఆలైనా బయటపడినారు. మేస్టరమ్మగారికి కుర్సీ ఎయ్యి," అన్నాడు.